ముసలి గబ్బిలం మళ్లీ ఎగిరిన రాత్రి



బొమ్మల పుస్తకం గురించి రేడియోలో చెప్పమన్నారు. చూపించడానికి వీల్లేని చోట కూర్చుని, చూడటం ఎలాగో చెప్పాలి. సరే, మీ పని మీరు చేసుకుంటూనే వినండి. ముందు ఒక మనిషిని మీకు పరిచయం చేస్తాను.

వయసు యాభై అయిదు. జుట్టు నెరిసింది, మీసం ఉంది. డబ్బుకు కొదవ లేదు. పెళ్లాం పిల్లలు లేరు. పదేళ్ల కిందట చేస్తున్న పని మానేశాడు. అప్పటినుంచి పొద్దు గడవక కార్ల పందేలకు పోతుంటాడు. కథ మొదలయ్యేసరికి పందెంలో కారు అదుపు తప్పి మండిపోతోంది, ఇలా పోతే మంచి చావే కదా అని లెక్క వేసుకుంటున్నాడు ఈయన. ఆఖరి క్షణంలో మనసొప్పక బయటపడతాడు. ఆ రాత్రి పాత స్నేహితుడితో మందు తాగుతాడు. స్నేహితుడు పోలీసు కమిషనర్, డెబ్భై నిండుతున్నాయి, రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ తర్వాత ఈయన ఇంటికి నడిచి బయల్దేరతాడు. ఊరంతా ఉక్కపోత.

ఈ పెద్దమనిషి పేరు బ్రూస్ వేన్. మానేసిన పని, బ్యాట్‌మ్యాన్‌గా తిరగడం. పుస్తకం పేరు 'ది డార్క్ నైట్ రిటర్న్స్'. అమెరికాలో డీసీ కామిక్స్ వాళ్లు 1986లో నాలుగు భాగాలుగా వేశారు. కథ రాసి బొమ్మలు గీసింది ఫ్రాంక్ మిల్లర్. ఆయన పెన్సిల్ గీతల మీద సిరా దిద్దింది క్లాస్ జాన్సన్, రంగులు వేసింది లిన్ వార్లీ, అక్షరాలు రాసింది జాన్ కోస్టాంజా. ఈ నాలుగు పేర్లూ ఊరికే చదవలేదు. కామిక్స్ అంటే ఒక్కడి చేతిపని అనుకుంటాం గానీ, కచేరీలో పక్కవాద్యాల్లాగా సిరాకి, రంగుకి, అక్షరానికి వేరు వేరు చేతులుంటాయి.

నేనీ పుస్తకాన్ని మొదటిసారి ఆబిడ్స్‌లో, ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచిన పాత పుస్తకాల కుప్పలో చూశాను. అట్ట నలిగి ఉంది. బేరమాడి ఇంటికి తెచ్చి గంటన్నరలో అవగొట్టాను. బుడగల్లో మాటలన్నీ చదివాను, బొమ్మల మీంచి కళ్లు జారిపోయాయి. మిగిలింది గోల. ఇంత పేరు దీనికెందుకొచ్చిందో అనుకుని అటకెక్కించాను. తప్పు పుస్తకానిది కాదు. దాన్ని నేను ఉత్తరం చదివినట్టు చదివాను.

మనకి అలవాటైన పద్ధతి వేరు. చందమామలో శంకర్ బొమ్మ, చిత్రా బొమ్మ కథ పక్కన కూర్చునేవి. ఎంత గొప్ప బొమ్మైనా దాన్ని తీసేస్తే కథ ఆగదు. కామిక్స్‌లో బొమ్మే వాక్యం. వాళ్లు ప్యానెల్ అనేదాన్ని నేను గడి అంటాను. గడి వెడల్పు, గడికీ గడికీ మధ్య వదిలిన తెల్ల సందు, ఒక పేజీలో ఎన్ని గడులున్నాయన్నది, ఇవన్నీ వ్యాకరణం. ఇది తెలిశాక అటక మీంచి దింపి మళ్లీ చదివాను. ఈసారి నాలుగు రోజులు పట్టింది.

మిల్లర్ చాలా పేజీలని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గడుల లెక్క మీద కట్టుకున్నాడు. చదరంగం బల్లలాగా అనుకోండి. కొన్నిచోట్ల రెండు గడులు కలిపేస్తాడు, కొన్నిచోట్ల నాలుగు కలిపేస్తాడు, ఎప్పుడో ఒకసారి పదహారూ చెరిపేసి పేజీ మొత్తం ఒకే బొమ్మ పెడతాడు. తాళం తెలిసినవాడు గనక ఎక్కడ తప్పాలో కూడా తెలుసు.

ఇందాకటి ఉక్కపోత రాత్రికే వెళదాం. బ్రూస్ ఇంట్లో ఒంటరిగా టీవీ ముందు కూర్చున్నాడు. చానెళ్లు తిప్పుతుంటే పాత సినిమా ఒకటి తగులుతుంది, 'ది మార్క్ ఆఫ్ జోరో'. చిన్నప్పుడు అమ్మానాన్నలతో చూసిన సినిమా అది. చూసి బయటికొచ్చాక సందులో ఒక దొంగ ఆ ఇద్దర్నీ కాల్చి చంపాడు. ఈ సంగతి బ్యాట్‌మ్యాన్ పాఠకులందరికీ కంఠతా వచ్చినదే. అందరికీ తెలిసిన చావుని మళ్లీ ఎలా చూపించాలి? మిల్లర్ ఇక్కడ పేజీని చిన్న చిన్న గడులుగా కోసేస్తాడు. ఒక గడిలో తుపాకీ. ఒక గడిలో కుర్రవాడి చెయ్యి మీద తండ్రి చెయ్యి. తర్వాత అదే చెయ్యి పట్టు వదిలేస్తుంది. తల్లి మెడలో ముత్యాల దండ. దొంగ తుపాకీ ఆ దండలో చిక్కుకుంటుంది. దారం తెగుతుంది. ముత్యాలు విడిపోతాయి. మాటల్లేవు.

సినిమావాళ్లయితే ఇక్కడ స్లో మోషన్ వాడతారు. నిజంగానే వాడారు కూడా: 2016లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' సినిమాలో తుపాకీ ముత్యాల దండలో చిక్కుకునే దృశ్యం ఈ పుస్తకం నుంచే వెళ్లింది. కానీ తెర మీద ఆ నెమ్మదితనం దర్శకుడి చేతిలో ఉంటుంది. పుస్తకంలో మీ కంటి చేతిలో ఉంటుంది. ఒక ముత్యం దగ్గర ఎంతసేపు ఆగాలనేది మీ ఇష్టం. దారం తెగడానికీ ముత్యం జారడానికీ మధ్య ఉన్న తెల్ల సందులో ఏం జరిగిందో గీయలేదు. దాన్ని మీరే పూరిస్తారు. నలభై ఏళ్ల పైబడి ఒకే క్షణాన్ని మోస్తున్న మనిషి బాధని మిల్లర్ చెప్పకుండానే మనచేత అనుభవింపజేస్తాడు.

ఇక మీసం. మొదట్లో కనిపించిన ఆ మీసం, ముసుగు తొడుక్కునే వేళకి ఉండదు. బొమ్మ చూడకుండా మాటలు చదివేవాడికి ఇలాంటివి దొరకవు, నాకు దొరకలేదు.

మానేసినవాడు మళ్లీ రంగంలోకి దిగే ఈ కథ మన సినిమాల్లో మనకి బాగా తెలుసు. ఊళ్లో ఎవరి జోలికీ పోకుండా బతికే మనిషి, తలకట్టు విప్పితే ఇంటర్వెల్. థియేటర్లో ఈలలు. ఇంకో సంగతి కూడా మనకి బాగా తెలుసు, హీరోకి వయసు రాకపోవడం. బ్యాట్‌మ్యాన్‌దీ అదే జాతకం. బాబ్ కేన్, బిల్ ఫింగర్ సృష్టించిన ఆ పాత్ర మొదట కనిపించింది 1939లో. 1986 నాటికి నలభై ఏడేళ్లు. ఆయనకి మాత్రం ముప్పై దాటలేదు. నెలనెలా పుస్తకం అమ్ముడుపోవాలంటే దాటకూడదు. మిల్లర్ చేసిన సాహసం అక్కడుంది. ఆయన బ్యాట్‌మ్యాన్‌కి పుట్టినరోజులు తిరిగిచ్చాడు.

ఇచ్చి వదిలెయ్యలేదు, ఆ వయసుని గీతలో చూపించాడు. ఈ బ్యాట్‌మ్యాన్ సన్నటి మెరుపుతీగ కాదు. మొద్దులాంటి మనిషి, వెడల్పాటి వీపు, గోడకట్టినట్టు దవడ, కళ్ల కింద సంచులు. తిరిగొచ్చిన తొలి రాత్రి ఆయన్ని మనకి ముక్కలుగా చూపిస్తారు. ఒకచోట చేతి తొడుగు, ఒకచోట గోడ మీద నీడ, ఒకచోట పక్కనున్నవాళ్ల మొహాల్లో భయం. ఆ చిన్న గడుల తర్వాత పేజీ తిప్పితే మొత్తం మనిషి. ఇరుకు గదిలోంచి డాబా మీదకి వచ్చినట్టుంటుంది. మనసుకి ఇరవయ్యేళ్లొచ్చినట్టుంది, ఒంటికి మాత్రం యాభై అయిదే.

ఈ తేడా పుస్తకంలో ఒక పెద్ద దెబ్బలాటకి దారితీస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. ఊరిని పీడిస్తున్న మ్యూటెంట్ల ముఠాకి ఒక నాయకుడున్నాడు, కొండలాంటి కుర్రాడు. బ్యాట్‌మ్యాన్ దగ్గర యుద్ధట్యాంకు లాంటి బండి ఉంది, అందులో కూర్చునే పని ముగించవచ్చు. ముగించడు. పౌరుషం. దిగి పిడికిళ్లతో తలపడతాడు. చావుదెబ్బలు తింటాడు. పదమూడేళ్ల పిల్ల క్యారీ కెల్లీ, తనంతట తాను రాబిన్ దుస్తులు, అంటే బ్యాట్‌మ్యాన్ పక్కనుండే కుర్ర సహాయకుడి దుస్తులు, కొనుక్కుని వేసుకున్న పిల్ల, వచ్చి కాపాడకపోతే కథ అక్కడితో సరి.

రెండోసారి అదే కుర్రాణ్ణి బురదగుంటలోకి లాగుతాడు. బురదలో ఎవడూ వేగంగా కదల్లేడు. కుర్రతనానికున్న ఒకే ఒక్క ఆధిక్యం అక్కడ మునిగిపోయింది. ఆ తర్వాత శరీరంలో ఏ నరం ఎక్కడుందో తెలిసినవాడు, తాపీగా, ఒక్కొక్క చోటే కొడతాడు. లిన్ వార్లీ ఆ పేజీల్లో బురద రంగు తప్ప ఇంకో రంగు దాదాపు రానివ్వలేదు. ఇద్దరూ ఒకే మట్టి ముద్ద. ఎవరు ముసలి, ఎవరు పడుచు అన్నది కాసేపు కనబడదు. బ్యాట్‌మ్యాన్ కోరుకున్నది సరిగ్గా అదే.

పాత బ్యాట్‌మ్యాన్ ఛాతీ మీద పసుప్పచ్చటి గుండ్రటి ముద్ర ఉంటుంది, గుర్తుందా? చీకట్లో తిరిగేవాడికి ఆ పసుపెందుకు? 1964 నుంచి ఉన్న ముద్ర అది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ పుస్తకంలో శత్రువు తుపాకీ గురిపెట్టి సరిగ్గా ఆ పసుపు మీద కాలుస్తాడు. దాని కింద ఇనప రేకు ఉంది. తలకి కవచం వేసుకోలేనని, అందుకే గురి ఇక్కడికి లాగుతున్నానని ఆయన సమాధానం. ఆ దెబ్బతో పాత ముద్ర చిరిగిపోతుంది, అక్కణ్ణుంచి ఛాతీ మీద నల్ల గబ్బిలం ఒక్కటే. ఇరవై రెండేళ్ల అలంకారానికి ఒక్క గడిలో కారణం చెప్పి, దాన్ని తీసి అవతల పారేశాడు.

నా మొదటి చదువులో గోల అనిపించింది టీవీ గడులు. పేజీల నిండా మూలలు గుండ్రంగా ఉన్న చిన్న చిన్న తెరలు. వార్తలు చదివేవాళ్లు, వీధిలో మైకు ముందు నిలబడ్డవాళ్లు, బ్యాట్‌మ్యాన్ మంచివాడా నేరస్తుడా అని వాదించేవాళ్లు. ఒక మానసిక వైద్యుడైతే ఈ నేరస్తులందర్నీ తయారుచేసిందే బ్యాట్‌మ్యాన్ అంటాడు. ఇప్పటి మన న్యూస్ చానెళ్లు చూస్తున్నవాళ్లకి ఈ పేజీలు 1986 నాటివంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఈ తెరల రొదలోనే ఒక నిశ్శబ్దాన్ని దాచాడు. పిచ్చాసుపత్రిలో ఒక మనిషి ఏళ్ల తరబడి కదలకుండా, మాట్లాడకుండా కూర్చుని ఉన్నాడు. టీవీలో బ్యాట్‌మ్యాన్ తిరిగొచ్చాడని వార్త. అదే మొహం, అదే కోణం, గడి తర్వాత గడి. పెదవుల కొసలు కొద్దిగా కదులుతాయి. ఇంకొద్దిగా. చివరికి అది నవ్వు. బ్యాట్‌మ్యాన్ పాత శత్రువు జోకర్ లేచాడు. ఒకడి రిటైర్మెంటు ముగిస్తే ఇంకొకడిది కూడా ముగిసింది.

ఇంకో చిన్న సంగతి. అంతకుముందు కామిక్స్‌లో మనసులో మాటని మబ్బులాంటి బుడగలో రాసేవారు. మిల్లర్ దాన్ని తీసేసి పెట్టెల్లో పెట్టాడు, మనిషిని బట్టి పెట్టె రంగు మారుతుంది. ఎవరి మనసులో ఉన్నామో పేరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఇంత మెచ్చుకున్నాను గనక నచ్చనివీ చెప్పాలి. ఆడవాళ్లని ఈ పుస్తకం సరిగా చూడలేదు. క్యారీని పక్కనపెడితే, ముఖ్యంగా సెలీనా కైల్‌కి, అంటే ఒకప్పటి క్యాట్‌వుమన్‌కి, జరిగింది అన్యాయం. బ్రూస్‌కి ముసలితనం గౌరవంగా వచ్చింది, ఆమెకి అవమానంగా వచ్చింది. చట్టాన్ని చేతిలోకి తీసుకున్న మనిషి వెనక ఊరి కుర్రాళ్లు గుంపుకట్టడం చూస్తే నాకిప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. టీవీ గడుల్లో ఆ ప్రశ్న వేయించాడు గానీ, రచయిత మనసు ఎటు ఉందో దాచుకోలేదు. అప్పటి అమెరికా, అణుబాంబు భయం, రేగన్ పోలికలున్న అధ్యక్షుడు, ఆయన చెప్పిన పనల్లా చేసే సూపర్‌మ్యాన్, ఇవన్నీ కథలో ఉన్నాయి. సూపర్‌మ్యాన్‌కి ఎక్కడా వయసు రాదు. ఒక్కచోట మాత్రం, అణు విస్ఫోటనం తర్వాత, ఎండిన కట్టెలా ముడుచుకుపోయి, అడవిలోని పచ్చదనం నుంచి ప్రాణం లాక్కుంటాడు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. చివర్లో వాళ్లిద్దరికీ ఏం జరుగుతుందో నేను చెప్పను.

వెలపరంగా చూసినా ఇది కొత్త వస్తువే. మామూలు కామిక్ పుస్తకం డెబ్భై అయిదు సెంట్లున్న రోజుల్లో దీని ఒక్కో భాగాన్ని మంచి కాగితం మీద, వీపు కట్టిన బైండుతో, రెండు డాలర్ల తొంభై అయిదు సెంట్లకి అమ్మారు. జనం కొన్నారు. ఆ ఏడాదే అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్‌ల 'వాచ్‌మెన్' మొదలైంది, ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' మొదటి సంపుటం వచ్చింది. పెద్దవాళ్లు పుస్తకాల షాపులో సిగ్గుపడకుండా బొమ్మల పుస్తకం అడగడం అక్కణ్ణుంచి పెరిగింది. 2011లో ఈ పుస్తకంలోని ఒకే ఒక్క పేజీ అసలు బొమ్మ వేలంలో 4,48,125 డాలర్లు పలికింది. మిల్లర్ 2001లో దీనికి కొనసాగింపు మొదలుపెట్టాడు. నాకు నచ్చలేదు, మీరు తొందరపడి కొనకండి.

మొదటిదాన్ని మాత్రం సంపాదించండి. రక్తం, హింస బాగా ఉన్నాయి, చిన్నపిల్లల చేతికివ్వద్దు. మీరు చదివేటప్పుడు ముత్యాల పేజీ వచ్చేసరికి ఒక పని చెయ్యండి. ముందుకు పోకుండా వేలు పెట్టి గడులు లెక్కపెట్టండి. తర్వాత ఏ రెండు గడుల మధ్య ఆ తల్లి చనిపోయిందో వెతకండి. నేను వెతికాను. సందులోనే దొరికింది.