దంతారోగ్యం – దేహారోగ్యం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒంటికి పెద్ద జబ్బు చేస్తే గుడియాత్తం నుండి వేలూరుకు బయలుదేరడం ఈ ప్రాంతంలో తరతరాల ఆనవాయితీ. గుండెలో నొప్పి అనగానే బస్సెక్కే మనిషి, పన్ను సలిపితే మాత్రం లవంగం అదిమి ఊరుకుంటాడు. చిగుళ్ళ నుండి రక్తం కారితే ఉమ్మివేసి మరచిపోతాడు. నోరు వేరు, దేహం వేరు అన్న భావమే ఈ ఉపేక్షకు మూలం. ఆ భావం సరికాదని వైద్యశాస్త్రం చెబుతున్నది.

పళ్ళపై రోజూ పేరుకొనే పాచిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. తోమక వదిలిన పాచి లాలాజలంలోని లవణాలతో గట్టిపడి గార అవుతుంది. గారను బ్రష్షు గాని, వేపపుల్ల గాని తొలగించలేవు, దంతవైద్యుడే తీయాలి. తీయించకపోతే చిగురు వాచి, పంటి నుండి విడివడి, క్రమంగా ఎముక కరుగుతుంది. నొప్పి లేకుండానే ఇదంతా జరుగుతుంది గనుక పన్ను కదిలేవరకు చాలామందికి తెలియదు.

వాచిన చిగురు గుండా సూక్ష్మజీవులు రక్తంలో ప్రవేశిస్తాయి. ఆరోగ్యవంతుని దేహం వాటిని వెంటనే నిర్మూలిస్తుంది. కాని చిన్ననాటి రుమాటిక్ జ్వరం వల్ల గుండె కవాటాలు చెడినవారిలో, కృత్రిమ కవాటాలు అమర్చినవారిలో అవి గుండె లోపొరపై స్థిరపడి ప్రాణాంతకం కావచ్చు. కవాటం మార్చే శస్త్రచికిత్సకు ముందు రోగి పళ్ళను పరీక్షింపజేయడానికి కారణమిదే.

మధుమేహానికి, చిగుళ్ళ వ్యాధికి గల సంబంధం రెండువైపులా నడుస్తుంది. రక్తంలో చక్కెర పెరిగితే చిగుళ్ళు త్వరగా చెడతాయి. చెడిన చిగుళ్ళ వాపు చక్కెరను అదుపులోకి రానీయదు. చిగుళ్ళకు చికిత్స చేస్తే, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో సుమారు 0.4 శాతం తగ్గుదల కనిపిస్తున్నదని 2022లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తెలిపింది. మందులకు ఇది బదులు కాదు, తోడు మాత్రమే.

ఇక్కడ అతిశయోక్తి కూడదు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ నోటిలోని చీమే ఎన్నో రోగాలకు మూలమన్నాడు. తరువాతి దశాబ్దాలలో ఆ వాదాన్ని నమ్మి పాశ్చాత్య దేశాలలో నిక్షేపమైన పళ్ళను సైతం పెరికివేశారు. గుండెపోటుకు చిగుళ్ళ వ్యాధితో సంబంధం కనిపిస్తున్నా, అదే కారణమని రుజువు కాలేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించింది. పళ్ళు తోమినంత మాత్రాన గుండెపోటు రాదనుకోవడం పొరపాటు. పళ్ళతో గుండెకు పనిలేదనుకోవడం కూడా పొరపాటే.

బీడీలు చుట్టే ఇళ్ళు గల ప్రాంతమిది. చుట్టే చేతికి కూలి దక్కుతుంది; కాల్చే నోటికి దక్కేది చిగుళ్ళ వ్యాధి, కాన్సర్ భయం. పొగాకు కలపని వక్క కూడా కాన్సర్ కారకమేనని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ నోటిలో కనబడితే ఆలస్యం చేయరాదు.

తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసినది ఒకటున్నది. సుమారు ఆరవ ఏట, పాలపళ్ళ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే శాశ్వతమైన పెద్ద దవడ పన్ను వస్తుంది. దానిని పాలపన్ను అనుకొని ‘ఊడిపోయేదే కదా’ అని వదిలివేస్తారు. అది పుచ్చిపోతే మళ్ళీ రాదు. పంటి నొప్పితో నిద్రలేని బిడ్డ సరిగా తినలేడు, పాఠం వినలేడు.

1900 ప్రాంతంలో వేలూరులో వైద్యం ప్రారంభించిన డాక్టర్ ఐడా స్కడర్, అనంతరకాలంలో గుడియాత్తం దారి వెంట వెళ్ళి, దారిప్రక్కనే రోగులను చూసేవారు. ఆసుపత్రికి రాలేనివారి వద్దకు వైద్యమే నడిచి వెళ్ళింది. నోటి సంరక్షణకు అంత దూరం కూడా అక్కరలేదు. పెరటిలోని నీళ్ళ తొట్టి దగ్గరే అది మొదలవుతుంది. ఉదయం ఒకసారి, రాత్రి పడుకొనే ముందు ఒకసారి, ఫ్లోరైడ్ పేస్టుతో రెండేసి నిమిషాలు తోమడం, తీపి తినుబండారాలను భోజనవేళకే పరిమితం చేయడం, ఏటా ఒకసారి దంతవైద్యునికి చూపించడం – ఇంతే. ఎక్కాలు నేర్పిన ఓర్పుతోనే ఇంటివారు, బడివారు కలసి ఈ అలవాటును నేర్పితే, అది బిడ్డలకు జీవితాంతం తోడుంటుంది.