ఒక రాయి, ఒకే కోడ్

(చెన్నైలో యువజన కూడికలో చేసిన ప్రసంగం)



మన ఇళ్లల్లో చాలామంది పిల్లలు చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్నారు. నేనూ చేశాను. అమెరికా ఆసుపత్రుల చార్టులు చదివి నంబర్లు వేసే పనిలో న్యాయం, అన్యాయం ఏముంటాయని అడుగుతారు. ఒక్క ఉదాహరణ చెబుతాను.

ఒక మనిషికి ఎడమ మూత్రనాళంలో రాయి అడ్డుపడింది. జబ్బు కోడ్ ఎన్20.1. రాయి కిడ్నీలోనే ఉంటే ఎన్20.0, రెండుచోట్లా ఉంటే ఎన్20.2. డాక్టరు మూత్రమార్గం గుండా స్కోప్ పంపి, లేజర్‌తో రాయిని పగలగొట్టి, మూత్రం సాఫీగా దిగడానికి స్టెంట్ పెట్టారు. ఈ రెండు పనులకూ కలిపి సి.పి.టి.లో 52356 అనే ఒకే కోడ్ ఉంది. దాన్ని విడదీసి 52353 ఒకటి, 52332 ఒకటి వేస్తే, కలిపి కట్టిన ధరను విడగొట్టి ఎక్కువ రాబట్టడమే. దీన్నే అన్‌బండ్లింగ్ అంటారు. స్టెంట్ కుడివైపు పెట్టి ఉంటే మాత్రం అది వేరే పని, వేరుగా వేయవచ్చు.

నేను చేరిన కొత్తలో టార్గెట్ తొందరలో, పైన రాసిన ఆపరేషన్ పేరు చూసి 52356 వేసేశాను. ఆడిట్‌లో పట్టుకున్నారు. లోపలి వివరంలో లేజర్ మాటే లేదు, రాయిని బుట్టలాంటి పరికరంతో బయటికి తీశారు. దానికి 52352 వేయాలి. నాకు పోయింది కొన్ని మార్కులే. ఆ బిల్లు అలాగే వెళ్లి ఉంటే, ఇన్సూరెన్సు ఉన్నా తన వాటా కట్టుకోవలసిన రోగికి ఏం పోయేది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే వివరం చివరిదాకా చదవండి. స్పష్టంగా లేకపోతే ఊహించకండి, డాక్టరుకు క్వెరీ పెట్టండి. చేసిన పనికి తక్కువ కోడ్ వేయడమూ తప్పే. తెలిసి ప్రభుత్వానికి దొంగ బిల్లు పెడితే మూడింతలు కట్టించే చట్టం అమెరికాలో ఉంది. 1863లో వచ్చిన ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం అది. అయితే చట్టానికి భయపడి కాదు, బిల్లు కట్టే మనిషిని తలచుకుని పని చేయండి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇక్కడ రాళ్ల ఆపరేషన్ అయితే, ఈ చదువు వాళ్లకూ ఉపయోగపడాలి. వివరాలతో బిల్లు అడగండి. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ధరలు ముందే తెలుసుకునే హక్కు ఉంది. స్టెంట్ ఎప్పుడు తీస్తారో, ఆ ఖర్చు ఇందులోనే ఉందో లేదో ముందే అడగండి. డబ్బు లేదని స్టెంట్ తీయించుకోకుండా వదిలేస్తే, దాని చుట్టూ మళ్లీ రాళ్లు కడతాయి, కిడ్నీకే ముప్పు.

మనం వేసే ప్రతి నంబరు వెనుక ఒక మనిషి నొప్పి ఉంది. సెలవు.