చెరువు మీద చదువుకు మన చందా
(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువుల మీద పనిచేసే ఒక పీజీ విద్యార్థికి మన సంఘం నిధి నుంచి ఏడాదికి 36 వేలు ఇద్దామన్న తీర్మానం మీ ముందుంది. పొద్దున చాయ్ దగ్గర ఒకాయన అడిగాడు: "యూరియాకే లైన్ల నిలబడుతున్నం, చదువుల ముచ్చట మనకెందుకన్నా?" అడగాల్సిన మాటే.

2015లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగుచేస్తామన్నారు. మరుసటేడు మా ఊరి చెరువు పూడిక తీశారు. నా రెండెకరాల చెల్కకు మట్టి తోలించుకున్నాను. పదును నిలిచింది, పత్తి వాడలేదు. మా పక్క చేను వాళ్లు మాత్రం బాగా లోతు నుంచి తీసిన మట్టి తోలుకున్నారు. రెండేళ్లు మొలకే సరిగా రాలేదు, పైన తెల్లగా చౌడు. ట్రాక్టర్ కిరాయి అప్పు మిగిలింది. ఎక్కడ ఎంత లోతు తీయాలో ముందే మట్టి చూసి చెప్పినవాళ్లు లేరు.

చెరువు సంగతీ అంతే. ఏటవాలుగా ఉన్న ఒడ్డును జేసీబీ నిట్టనిలువుగా కోసింది. బర్రెలు దిగలేవు. కొర్రమట్ట గుడ్లు పెట్టేది ఒడ్డు పక్కన, గడ్డి మొలిచిన లోతులేని నీళ్లలో. ఆ తావే పోయింది. శిఖంలో నరికిన సర్కారు తుమ్మ మోడు నుంచి మళ్లీ లేచింది. ఏది తీయాలి, ఏది ఉంచాలి, తుమ్మ పోయిన చోట ఏం నాటాలి? నెలనెలా వచ్చి చూసి, రాసుకునే మనిషి కావాలి.

అలాగే ఎం.ఎస్సీ. చదివే ఒక అమ్మాయి వచ్చింది. కౌలు రైతు బిడ్డ. బస్సు చార్జీలు, మట్టి పరీక్షల ఫీజు అన్నీ సొంతంగానే. నాలుగో నెల నుంచి రాలేదు. ఫోన్ చేస్తే, "పైసలు సరిపోతలేవు అంకుల్, లైబ్రరీల దొరికే లెక్కలతోటి వేరే టాపిక్ రాసుకుంటున్న" అంది. ఆమె మూడు నెలల కొలతలు రాసిన నోట్‌బుక్ ఇంకా మా ఇంట్లోనే ఉంది.

ఇది ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చే, ఆ డిమాండ్ వదలం. ఈలోగా 600 మంది సభ్యులం తలా 60 రూపాయలు వేసుకుంటే నెలకు మూడు వేలు ఇవ్వగలం. ప్రశ్న మాత్రం ఊరు అడగాలి. తేలిన సంగతి తెలుగులో గ్రామసభలో చదివి వినిపించాలి. మనం కొట్టే మందుల వల్లే నీళ్లు చెడ్డాయని తేలినా కూర్చుని వినాలి, లేచిపోవద్దు!

మొదట ఏ చెరువో మధ్యాహ్నం భోజనాల తర్వాత ఊర్ల వారీగా కూర్చుని చెప్పండి. మా ఊరి పేరు నేను ఇవ్వను, మాకు ఒకసారి అవకాశం వచ్చింది.