తవ్వకానికి ముందు భూభౌతిక పరిశీలన



ఒక గ్రంథాన్ని ఎన్నిసార్లయినా చదువవచ్చు. పురాతన దిబ్బను మాత్రం ఒక్కసారే తవ్వగలం. తొలగించిన పొరలను తిరిగి యథాస్థానంలో పేర్చలేము. అందుచేత నేలను కదల్చక పూర్వమే అందులో ఏమున్నదో కొంతైనా గ్రహించే మార్గం కావాలి. భూభౌతిక పరిశీలన అటువంటి మార్గం. అది ఎంతవరకు నమ్మదగినది అన్నదే నేటి ప్రసంగ విషయం.

ఇందులో ప్రధాన పద్ధతులు మూడు. మొదటిది విద్యుత్ నిరోధ పద్ధతి. పాతిపోయిన రాతిగోడ విద్యుత్తును అడ్డగిస్తుంది. పూడిపోయి తేమను నిలుపుకొన్న కందకం సులభంగా సాగనిస్తుంది. 1946లో ఇంగ్లండులో రిచర్డ్ అట్కిన్సన్ దీనిని పురావస్తు పరిశోధనకు వినియోగించారు. రెండవది అయస్కాంత పద్ధతి. కుమ్మరి ఆవం బాగా కాలి చల్లారినప్పుడు మట్టిలోని ఇనుప ఖనిజాలు నాటి భూ అయస్కాంత క్షేత్రపు ముద్రను నిలుపుకొంటాయి. 1958లో మార్టిన్ ఎయిట్కెన్ ఈ సూత్రం ఆధారంగానే రోమనుల కాలపు ఆవాలను కనుగొన్నారు. మూడవది రాడార్. భూమిలోకి పంపిన తరంగాలు ప్రతిఫలించి తిరిగివచ్చే కాలాన్ని బట్టి లోతును అంచనా వేస్తారు.

ఈ పద్ధతుల శక్తికి, పరిమితికి కూడా మన పొరుగుననే చక్కని నిదర్శనం ఉన్నది. నేపాల్ తరాయిలోని తిలౌరాకోట్‌లో 2014 తరువాత నేపాల్ పురావస్తు శాఖ, డర్హమ్ విశ్వవిద్యాలయం యునెస్కో సహకారంతో ఇటువంటి పరిశీలన జరిపాయి. కోటలోపల పరస్పరం లంబంగా సాగే వీథులు, నడుమ ప్రాకారంతో కూడిన ఒక కట్టడాల సముదాయం పటంపై రూపుకట్టాయి. ఎంచుకొన్న చోట్ల తవ్వి వాటిని పరీక్షించారు. నగరమంతా తవ్వవలసిన అవసరం లేకపోయింది.

అయితే బుద్ధుడు పెరిగిన కపిలవస్తువు ఇదేనా, లేక ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా ప్రాంతమా అన్న వివాదాన్ని ఏ యంత్రమూ తీర్చలేదు. యంత్రం చెప్పేది ఒక్కటే: ఇక్కడి మట్టికి, పక్క మట్టికి భేదమున్నదని. ఆ భేదానికి కాలమూ, పేరూ నిర్ణయించవలసినది తవ్వకం, శాసనం, పాండిత్యం.

భేదమే లేనిచోట యంత్రం మౌనం వహిస్తుంది. మట్టినేలలో కలిసిపోయిన పచ్చి ఇటుక గోడ దానికి ఆనకపోవచ్చు. తడిసిన బంకమన్ను, చవుడు నేల రాడార్ తరంగాలను హరిస్తాయి. అగ్నిశిలలు, ఇనుప తుక్కు, విద్యుత్ తీగలు అయస్కాంత కొలతలను తారుమారు చేస్తాయి. ఎండి బీటలు వారిన నేలలో విద్యుత్ నిరోధ కొలతలు కష్టసాధ్యం. కనుక ఒకే పద్ధతిని నమ్ముకొనక రెండు మూడింటిని పోల్చి చూడాలి. తవ్వి చూడగా తప్పిన అంచనాలను కూడా నెరవేరినవాటితో సమానంగా ప్రకటించాలి. అప్పుడే ఏ నేలకు ఏ పద్ధతి తగునో తెలుస్తుంది.

ఈ విచక్షణ నేడు మరింత అవసరం. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగేలోగా, 1954 నుండి 1960 వరకు, మన శాస్త్రజ్ఞులు కాలంతో పోటీపడి తవ్వవలసివచ్చింది. ఒడిశాలోని శిశుపాల్‌గఢ్‌ను నేడు పెరుగుతున్న భువనేశ్వర్ నగరం చుట్టుముడుతున్నది. పునాదులు పడకముందే అటువంటి స్థలాలను త్వరగా పరిశీలించి, రక్షింపవలసిన భాగాలను సూచించగల సాధనం ఇది.

విద్యార్థులు ఒక్క నియమం గుర్తుంచుకోవాలి. పటంలో ఖాళీగా కనిపించిన చోట “ఏమీ కనబడలేదు” అని వ్రాయండి. “ఏమీ లేదు” అని వ్రాయకండి. రెండవ మాటను నమ్మి ఆ చోట భవనానికి అనుమతి ఇచ్చిన తరువాత, పొరపాటును దిద్దుకొనే అవకాశం ఎవరికీ మిగలదు.