కొండబాట బాగుచేయుటకు ముందు



శివరాత్రికిని ఉగాదికిని శ్రీశైలమునకు కాలినడకను పోవు యాత్రికులు నేటికిని కలరు. వెంకటాపురము దాటి అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలనుల మీదుగా కైలాసద్వారము చేరుట వారి దారి. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెనని మీరు వినియే యుందురు. కట్టించిన కీర్తి రాజుది. ఏటేటి వానలనుండి బాటను కాపాడుకొను భారము మాత్రము నడుచువారిది. అట్టి పనికి పూనుకొనువారు ముందుగా చేసికొనవలసిన సన్నాహమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట నా తప్పు చెప్పుకొందును. మా యూరి గుట్టమీది గుడికి పోవు బాటను మేము కొందరము కూలి పుచ్చుకొనకుండ బాగుచేసితిమి. వేసవిలో తట్టలకొలది మట్టి మోసి గుంతలన్నియు పూడ్చి, పని ముగిసినదని సంతోషించితిమి. తొలకరికే ఆ మట్టి కొట్టుకొని పోయినది. శ్రావణమాసమున ఒక ముసలమ్మ అదే గుంతలో జారిపడి తుంటి విరుగగొట్టుకొన్నది. మేము గుంతను చూచితిమి గాని, గుంతను చేసిన నీటిని చూడలేదు.

కావున మొదటి సన్నాహము పార కాదు, చూపు. వాన కురియుచుండగనే, ఉరుములు లేని వేళ, బాటవెంట నడచి నీరెక్కడ బాటలోనికి దిగుచున్నదో గురుతు పెట్టవలెను. అచ్చట బాటకు అడ్డముగా, ఏటవాలుగా రాళ్లు వరుసగా పాతి నీటిని పల్లపువైపునకు మరలింపవలెను. రాయి మూడింట రెండుపాళ్లు నేలలో నుండిననే నిలుచును. బాటను సైతము పల్లమువైపునకు, ఇరువది అంగుళముల వెడల్పునకు ఒక అంగుళము వాలునట్లు చెక్కవలెను.

పనికి తగిన కాలము వానలు వెనుకబట్టి నేల ఇంకను మెత్తగా నుండునప్పుడు. గడ్డపారలు, పారలు, కొడవళ్లు, తట్టలు ముందునాడే సరిచూచి, వదులైన పిడులు బిగింపవలెను. మోయునపుడు మనిషికిని మనిషికిని తగినంత యెడముండవలెను. రాతిని చేతితో గాక గడ్డపారతో కదలింపవలెను, క్రింద తేళ్లుండవచ్చును. పాము కరచినచో కోయరాదు, బిగించి కట్టరాదు. కరచిన యవయవము కదలకుండ ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. అందుకు బండి యేది, ఎవరు తోలుదురు అనునది ముందే నిశ్చయించుకొనుడు. నల్లమలవంటి పులుల అభయారణ్యమున అటవీశాఖవారి అనుమతి లేనిదే పని తలపెట్టరాదు. పచ్చనిచెట్టు వేళ్లను నరుకరాదు; మట్టిని పట్టి యుంచునవి అవియే.

పెద్దలారా! మేము రెండవయేట పని మొదలుపెట్టుటకు ముందు ఊరి వృద్ధునొకనిని వెంటబెట్టుకొని పోయితిమి. ఆయన పారను ముట్టలేదు. చేతికఱ్ఱతో మూడు చోట్ల చూపి, “పూర్వము నీరిటు పోయెడిది” అనెను. అచ్చట మట్టి తీయగా పాతకాలపు రాతి కాలువలే బయటపడినవి. నేటికిని ఆ మూడుచోట్ల బాట చెడలేదు. మీ యూరి గుట్టమీద నీరు నడచిన దారి మీ జ్ఞాపకమున నున్నది. ఈ యేడు పడుచువాండ్రు పలుగు పట్టకముందే దానిని వారికి చూపింపుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.