శోకంలో చేపట్టిన సారథ్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మగ్గం కొత్త కాదు, దుకాణం కొత్త కాదు. షోలాపూరులో చద్దర్లు, తువ్వాళ్ళు నేసిన చేతులు మనవి. భివండిలో పవర్‌లూముల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు మన పిల్లలు. ఇటువంటి ఇళ్ళలో ఒక సంగతి అందరికీ తెలిసినదే. కార్ఖానా నడిపే మనిషి హఠాత్తుగా కన్నుమూసినప్పుడు, పెద్దకర్మ ముగియకముందే నూలు వ్యాపారి బాకీ కాగితం పంపును. పనివారు వారం కూలీ కొరకు వాకిట నిలబడుదురు. బ్యాంకు వాయిదా తేదీ ఆగదు. అప్పుడు లెక్కల పుస్తకం ముందు కూర్చోవలసినది చాలాసార్లు ఆ ఇల్లాలే. ఆమెకు ఎవరూ శిక్షణ ఇచ్చి ఉండరు. ఆమె ఏ రాత్రి ఏ నిర్ణయం తీసుకొన్నదో ఎక్కడా వ్రాసి ఉండదు.

అయితే వ్రాతకెక్కిన ఉదాహరణ ఒకటి పుణె నగరంలోనే ఉన్నది. అది వందలాది ఉద్యోగులు, వేలాది వాటాదారులు గల పెద్ద సంస్థ కథ. కొలతలు వేరైనను, కష్టం మాత్రం మన వాకిట కనిపించే కష్టమే. అందుచేత శ్రీమతి అనూ ఆగా గారిని గూర్చి ఈ సభలో కొంత వివరంగా ముచ్చటించుకొనుట సముచితం.

అనూ ఆగా 1942లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో జన్మించినారు. సెయింట్ జేవియర్ కళాశాలలో పట్టభద్రులై, టాటా సామాజిక విజ్ఞాన సంస్థలో సమాజసేవా శాస్త్రంలో స్నాతకోత్తర విద్య పూర్తి చేసినారు. రోగుల, మానసిక వ్యథకు లోనైనవారి కుటుంబాలతో మాట్లాడి వారికి అండగా నిలుచుట ఆ చదువులోని ముఖ్యాంశం. యంత్రాలతో గాని, వాణిజ్యంతో గాని దానికి సంబంధం లేదు. ఆమె తండ్రి భథేనా 1966లో స్థాపించిన వాన్సన్ ఇండియా అనే సంస్థ బాయిలర్లు తయారు చేసెడిది. అద్దకపు కార్ఖానాలో నీరు మరిగించి ఆవిరి పుట్టించే యంత్రం ఎంత అవసరమో ఈ సభలోని నేతపనివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సంస్థయే 1980లో థర్మాక్స్ అనే పేరు ధరించినది. దానిని పెద్దది చేసినవారు అనూ గారి భర్త శ్రీ రోహింటన్ ఆగా. కేంబ్రిడ్జిలో చదివినవారు, గట్టి పట్టుదల గలవారు. 1980ల ఆరంభంలో హృద్రోగం, దాని వెంట పక్షవాతం ఆయనను పడగొట్టినవి. ఆయన మరల లేచి నిలబడినారు గాని, ఆ దెబ్బతో కుటుంబానికి రేపటి చింత పట్టుకొన్నది. 1985లో అనూ గారు సంస్థలో మానవ వనరుల శాఖలో చేరినారు. 1991 నుండి ఆ శాఖకు అధిపతిగా ఉన్నారు.

1996లో, విదేశంలో ఉన్న కుమార్తెను చూచి అనూ గారు తిరిగివచ్చు సమయాన, రోహింటన్ ఆగా గుండెపోటుతో మరణించినారు. థర్మాక్స్ అంతకు ఏడాది ముందే, 1995లో, ప్రజలకు వాటాలు విక్రయించి స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన సంస్థ. అటువంటి సంస్థ పీఠం ఖాళీగా ఉండరాదు. భర్త పోయిన రెండు రోజులకే డైరెక్టర్ల బోర్డు ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకొన్నది. వాటాలలో 62 శాతం ఆ కుటుంబానివే. అర్హత చూచి ఇచ్చినారా, వాటాలు చూచి ఇచ్చినారా అనే ప్రశ్న ఇతరులకన్న ముందు ఆమె మనస్సునే తొలిచినది. మన సమాజంలో పోయినవారి భార్యను నెలల తరబడి ఇంటి మూలను కూర్చుండబెట్టి దానినే గౌరవమనుకొనే వాడుక ఇంకను పోలేదు. ఆ మాట అట్లుండనిండు. రెండు రోజులలో కుర్చీ ఎక్కించుట కూడ దయగల పని కాదు.

ఆ రోజులలో విపశ్యన ధ్యానం తనకు ఆధారమైనదని ఆమె అనేక పర్యాయాలు చెప్పినారు. ప్రతి దినం తనను భర్తతో పోల్చుకొని, ఆయన అయితే ఇట్లు చేసెడివారు, తనకు అంత శక్తి లేదు అని కుంగిపోవుట ఆమెకు అలవాటైనది. పోయినవారు తప్పు చేయరు గదా! జ్ఞాపకంలో వారు నానాటికి మరింత సమర్థులగుచుందురు. కొంతకాలానికి గాని, రోహింటన్ వలె ఉండుట తన పని కాదని, తనకు చేతనైన రీతిలో తాను ఉండవలెనని ఆమెకు స్థిరపడలేదు.

ఆ స్థిరత్వం కుదురుకొనునంతలోనే 1997లో ఏకైక కుమారుడు కురుష్ కారు ప్రమాదంలో చనిపోయినాడు. భర్త పోయి ఏడాది కొంచెం దాటినది, అంతే. ఆ కొద్దికాలంలోనే అత్తగారు కూడ గతించినారు. ఒకే ఇంటి నుండి మూడు తరాలవారు వరుసగా వెళ్ళిపోయినారు.

పత్రికలలో ఈ కథ తరచు ఒకే పద్ధతిలో చెప్పబడుచుండును: అబల సబల అయినది, సంస్థను గట్టెక్కించినది అని. ఆ తొందరలో నడిమి మూడేండ్లను దాటవేయుదురు. నిజానికి తెలుసుకోదగినది ఆ మూడేండ్లలోనే ఉన్నది. 1996 నుండి ఆమె పీఠంపై ఉన్నారు, సంస్థ మాత్రం దిగజారుచునే ఉన్నది. బాయిలరు కొనువారు కొత్త కార్ఖానా కట్టువారు. 1990ల ద్వితీయార్ధంలో దేశంలో పరిశ్రమల పెట్టుబడి మందగించినది. కార్ఖానాలు కట్టుట ఆగిన వెంటనే మొదట దెబ్బ తినునది ఇటువంటి యంత్రాల తయారీదారులే. దానికి తోడు థర్మాక్స్ తన అసలు విద్య అయిన వేడిమి, నీరు, కాలుష్య నివారణలను దాటి ఇతర వ్యాపారాలలోను చేయి పెట్టి ఉన్నది. సుమారు 400 రూపాయలు పలికిన వాటా క్రమంగా 36 రూపాయలకు పడిపోయినది. దేశమంతటా పరిస్థితి ఇంతే, కాలం కలిసిరాలేదు అని అధికారులు చెప్పినారు. ఆర్థిక పత్రాల విషయంలో తనకు ధైర్యం చాలక ఆమె ఆ మాట నమ్మినారు. శోకంలో ఉన్న మనస్సుకు ఓదార్పు మాట తీయగా ఉండును. ఈ సంగతిని తరువాతి కాలంలో ఆమె దాచుకొనలేదు.

అప్పుడు ఒక ఉత్తరం వచ్చినది. వ్రాసినవారు పేరు పెట్టలేదు. ఒక చిన్న వాటాదారు. మీకు ధనం లోటు లేకపోవచ్చును, మిమ్ములను నమ్మి సొమ్ము పెట్టిన మాబోటివారిని మాత్రం ముంచినారు అన్నది దాని సారాంశం. ఆకాశరామన్న ఉత్తరాన్ని చింపి పారవేయుట లోకరీతి. పైగా భర్తను, కొడుకును పోగొట్టుకొన్న స్త్రీకి ఇట్లు వ్రాయుటకు చేతులెట్లు వచ్చినవని చుట్టుపక్కలవారు అనుటకు అవకాశం ఉన్నది. ఆమె ఆ మాటను ఆశ్రయించలేదు. ఆ ఉత్తరం ఆమెకు నిద్ర లేకుండా చేసినది. వాటా ధర అనునది ఆమెకు అంతవరకు పత్రికలో ఒక అంకె. అది ఎవరో ఒకరి పింఛను సొమ్మో, కూతురి పెండ్లి కొరకు కూడబెట్టినదో అని ఆ ఉత్తరంతో తెలిసివచ్చినది. రోగుల ఇళ్ళకు వెళ్ళి వారి కష్టం వినుటకు శిక్షణ పొందిన మనిషి ఆమె. వాణిజ్యానికి పనికిరాదనుకొన్న ఆ చదువు ఇక్కడ పనికివచ్చినదని అనుకొనుట తప్పు కాదు.

ఆమె బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు అనే సలహా సంస్థను పిలిపించినారు. కష్టాలలో ఉన్న సంస్థ పెద్ద రుసుము చెల్లించి బయటివారిని పిలుచుట ఎవరికైనను వింతగానే తోచును. వారి సలహాతో జరిగిన మార్పులలో, అసలు విద్యకు చెందని వ్యాపారాలను వదలుకొనుట అందరికీ అర్థమగు పనియే. దానికంటె కఠినమైనది బోర్డు విషయం. అప్పటివరకు డైరెక్టర్లలో సంస్థ అధికారులు, కుటుంబ సభ్యులు ఉండెడివారు. పని చేయువారే బోర్డులోను కూర్చుండి తమ పనిని తామే పరీక్షించుకొనుచున్నారన్నమాట. విద్యార్థి తన సమాధాన పత్రం తానే దిద్దుకొన్నట్లుండును. అధికారులు బోర్డు నుండి తప్పుకొన్నారు. అనుభవజ్ఞులైన బయటివారు డైరెక్టర్లుగా వచ్చినారు. కుమార్తె మెహెర్, అల్లుడు ఫెరోజ్ పదుంజీ సంస్థలో దైనందిన ఉద్యోగ బాధ్యతలు వదలినారు. కొడుకును కోల్పోయిన తల్లికి మిగిలిన బిడ్డ ఆమె. ఆ బిడ్డ ఇంజనీరు, లండనులో చదివినది, ఆ సంస్థలోనే పని నేర్చుకొన్నది. అటువంటి బిడ్డను ఉద్యోగపు కుర్చీ నుండి లేపుట లెక్కల పుస్తకం చూచి చేయగల పని కాదు.

2000 ప్రాంతంలో సంస్థ నష్టం కూడ చూపవలసి వచ్చినది. మార్పులు తలపెట్టగనే ఫలితం రాలేదన్నమాట. ఆ తరువాత ఏటేట కోలుకొన్నది. దేశంలో కార్ఖానాల నిర్మాణం మరల ఊపందుకొనుట కూడ అందుకు తోడ్పడినది. మొత్తం ఘనత ఒక్క మనిషి ఖాతాలో వ్రాయుట ఆమెకే ఇష్టం ఉండదు.

2004లో, 62 సంవత్సరాల వయస్సులో, సంస్థ కోలుకొని లాభాలలో నడుచుచుండగా, ఆమె అధ్యక్ష పదవి నుండి విరమించినారు. మెహెర్ పదుంజీ ఆ స్థానంలోకి వచ్చినారు. కుర్చీలోనే కన్నుమూయవలెనని కోరుకొనేవారు సంస్థలలోనే కాదు, సంఘాలలో, ధర్మకర్తల మండళ్ళలో, పాఠశాల కమిటీలలో కూడ కలరు. ఈ మాటకు పెద్దలు నవ్వి ఊరుకొందురు గాక!

విరమించిన తరువాత ఆమె తన కాలంలో చాలా భాగం పేదపిల్లల చదువు మీద వెచ్చించినారు. పుణె నగరపాలక సంస్థ పాఠశాలలను ఆకాంక్ష అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి నడుపుటకు థర్మాక్స్ వారి ధర్మనిధి పూనుకొన్నది. చదువుకొన్న యువతీ యువకులను రెండేండ్లపాటు పేద పాఠశాలలకు ఉపాధ్యాయులుగా పంపే టీచ్ ఫర్ ఇండియాకు ఆమె అధ్యక్షత వహించినారు. 2010లో పద్మశ్రీ లభించినది, పరిశ్రమకు కాదు, సమాజసేవకు. 2012లో రాజ్యసభకు నామినేట్ అయినారు. ఆకాంక్ష వారి ఆ బడులు ఆంగ్ల మాధ్యమంలో నడుచునవి. మాతృభాషలో బోధన కొరకు ఇన్ని దశాబ్దాలు పాటుపడిన పాఠశాలలో నిలబడి ఆ ఒక్క విషయం మెచ్చుకొనుట కష్టమే. అయినను, మురికివాడ పిల్లవాడు తప్పకుండ బడికి వచ్చునట్లు, ఉపాధ్యాయుడు తప్పకుండ పాఠం చెప్పునట్లు చూచుటలో వారి శ్రద్ధ ఏ మాధ్యమంవారైనను నేర్చుకోదగినది.

ఈ దానధర్మాల ఆలోచన మొదట ఆమెది కాదు. మన ఆదాయంలో పెద్ద భాగం సమాజానికి ఇవ్వవలెనని ఇంట్లో పట్టుబట్టినవాడు కురుష్. ఆనాడు ఇంటివారు వెంటనే ఒప్పుకొనలేదు. అతడు పోయిన పిమ్మట ఆ తల్లి దానిని చేసి చూపినారు. ప్రమాదంలో మరణించునాటికి కురుష్ వయస్సు 25 సంవత్సరాలు.