కారొనరు విచారణకు పోవువారికి

పరదేశమున నున్న కుమారుడో కుమార్తెయో అకస్మాత్తుగా మరణించినట్లు వార్త వచ్చిన యింటిలో, ఏడ్పు కొంత అణగిన పిమ్మట మొదట వినబడు ప్రశ్న ‘దేహము ఎప్పుడు వచ్చును?’ అనునది. ఆ దేశము ఇంగ్లండు గాని వేల్సు గాని యైనచో, ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు తరచుగా పోలీసు ఉద్యోగి కాడు, వైద్యుడును కాడు. కారొనరు అను అధికారి. చదువులకును ఉద్యోగములకును పోయిన తెలుగువారు అచ్చట పెక్కుమంది యున్నారు గనుక, ఆయన జరుపు విచారణకు పోవలసివచ్చినవారు అచ్చట ఏమి చూతురో, ఏమి అడుగవచ్చునో మనవి చేసెదను.

మనకు తెలిసినది పోలీసువారి శవపంచాయతీ. చుట్టుప్రక్కల పెద్దమనుష్యులు ఇద్దరు ముగ్గురు పంచులుగా నిలిచి, గాయములను చూచి, పంచనామాపై సంతకములు చేయుదురు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 174వ సెక్షనుగా నుండిన ఈ విధి, 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194వ సెక్షనుగా నడచుచున్నది. ఇంగ్లండు పద్ధతి వేరు. అచ్చట కారొనరు పదవి 1194వ సంవత్సరము నాటిది. ఆ కాలమున ఆయనకు ముఖ్యమైన పని రాజుగారి ఆదాయమును కాపాడుట. బండి క్రింద పడి మనిషి చచ్చినచో, ఆ బండినో దాని విలువనో రాజు పరము చేయుచుండిరి. ఆ ఆచారము 1846లో గాని పోలేదు! నేడు కారొనరు న్యాయాధికారి. 2009 నాటి చట్టమును అనుసరించి పని చేయును. స్కాట్లండులో మాత్రము ఈ పద్ధతి లేదు.

మరణము దౌర్జన్యము వలన గాని, అసహజముగా గాని కలిగినదని అనుమానమున్నను, కారణము తెలియకున్నను, లేక మనిషి ప్రభుత్వ నిర్బంధములో నుండగా చనిపోయినను కారొనరు విచారించి తీరవలెను. చనిపోయినవాడు ఏ దేశస్థుడైనను ఒకటే. శవపరీక్షకు బంధువుల సమ్మతి అక్కరలేదు. ఇది మనవారికి మిక్కిలి కష్టముగా తోచును. కాని మతాచారములను గూర్చియు, త్వరగా కర్మ జరుపవలసిన యవసరమును గూర్చియు కారొనరు ఆఫీసరుతో మొదటి దినముననే చెప్పుట మంచిది. దేహమును స్వదేశమునకు తెచ్చుకొనుటకు కారొనరుకు తెలిపి అనుమతి పొందవలెను. విచారణ ముగియువరకు దేహము అచ్చటనే యుండవలెనని అనుకొనవలదు. పరీక్షలతో పని తీరినంతనే సాధారణముగా విడుదల చేయుదురు. బ్యాంకు వ్యవహారములకు పనికివచ్చునట్లు తాత్కాలికపత్ర మొకటి ఇత్తురు.

విచారణను మొదట కొద్ది నిమిషములలో ప్రారంభించి, మృతుడెవరో నమోదు చేసి, వాయిదా వేయుదురు. తుది విచారణ ఆరు మాసములలోపల ముగియవలెనని నియమము, ఆలస్యమగుటయు కలదు. ఎవరిమీదనైనను హత్యానేరము మోపబడినచో, ఆ కేసు తేలువరకు ఇది నిలిచియుండును.

విచారణ దినమున మీరు ప్రవేశించు గది కోర్టువలెనే యుండును గాని, అందు వాది లేడు, ప్రతివాది లేడు, ముద్దాయి లేడు. కారొనరును ‘సర్’ అనియో ‘మేడమ్’ అనియో సంబోధింతురు. సాధారణముగా జూరీ యుండదు. నిర్బంధములో కలిగిన అసహజ మరణము వంటి కొన్నింటికి మాత్రము ఏడుగురు మొదలు పదునొకండుగురు వరకు కూర్చుండెదరు. ఇది బహిరంగ విచారణ గనుక పత్రికలవారును వచ్చి వ్రాసికొనవచ్చును. సాక్షులు భగవద్గీతపై గాని మరియొక మతగ్రంథముపై గాని ప్రమాణము చేయవచ్చును. దైవము పేరెత్తక ధ్రువీకరించుటయు చెల్లును. దుబాసి కావలసినను, ఇచ్చటినుండియే వీడియో మూలమున హాజరు కాగోరినను ముందుగనే అడుగవలెను.

కారొనరు తేల్చవలసినవి నాలుగే: మృతుడెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ విధముగా మరణించెను? వీనితోడ, మరణమును నమోదు చేయుటకు కావలసిన వివరములు. ‘నా బిడ్డను పోగొట్టినవారెవరు?’ అను ప్రశ్న వీనిలో లేదు. ఫలానావాడు నేరస్థుడనిగాని, ఫలానావారు నష్టపరిహార మీయవలెననిగాని తోచునట్లు నిర్ణయము వ్రాయుట చట్టమే నిషేధించినది. వేల మైళ్లు దాటి న్యాయము కోరి వచ్చిన తలిదండ్రులకు ఇది పిడుగుపాటువలె నుండును. ఆ కారణముననే కొందరు ఇంకేమి ప్రయోజనమని మౌనముగా కూర్చుండి తిరిగివత్తురు. నా దృష్టిలో అది పెద్ద నష్టము. ఏలయన, ‘ఏ విధముగా’ అను ప్రశ్నలో ఎంతో యిమిడియున్నది; దానిని సాక్షుల నెదుట పెట్టి అడుగు హక్కు కుటుంబమునకు కలదు.

ఈ హక్కు గలవారిని చట్టము పేర్కొన్నది: భార్య లేక భర్త, తలిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు, తాత మామ్మలు, మనుమలు మొదలగువారు. తోబుట్టువుల బిడ్డలును ఆ పట్టికలో నున్నారు. మేనమామయు పెదతండ్రియు లేరు! మన యిండ్లలో ఇట్టి సమయమున ముందునకు వచ్చి మాటాడువాడు మేనమామయే గదా. అట్టివారు తమకు తగిన సంబంధము కలదని కారొనరుకు ముందుగా విన్నవించుకొని అనుమతి పొందవలెను.

హక్కు గలవారు సాక్ష్యపత్రముల నకళ్లను విచారణకు ముందే కోరవచ్చును. వానిని చదివి ప్రశ్నలు కాగితముపై వ్రాసికొనుడు. ‘మీ నిర్లక్ష్యమే గదా చంపినది?’ అని అడిగినచో కారొనరు అడ్డుపడును. ‘రాత్రి పదిగంటలకు జ్వరము హెచ్చినట్లు మీ కాగితమున నున్నది, వైద్యుడు వచ్చినది రెండుగంటలకు, నడుమ రోగిని చూచిన వారెవరు?’ అని అడిగినచో సాక్షి బదులు చెప్పవలెను. రెండవ ప్రశ్నయే ఎక్కువ పదునైనది. ప్రతి సాక్షిని మొదట కారొనరు, పిదప కుటుంబమువారును ఇతరులును ప్రశ్నింతురు. కొందరి వాఙ్మూలములను చదివి వినిపింతురు. సంగతులను గూర్చి ఉపన్యాసము చేయుటకు ఎవరికిని వీలులేదు. వకీలు తప్పనిసరి కాదు. ఎదుటి ఆసుపత్రివారు వకీలును తెచ్చుకొనిననాడు మాత్రము కుటుంబము ఒంటరిగా నిలుచుట సమానమైన పోరు కాదు.

శవపరీక్ష చేసిన వైద్యుని మాటలు వినుట మిక్కిలి కఠినము. ఆ సమయమున వెలుపలికి పోయి వచ్చినను ఎవరును తప్పుపట్టరు. పలుచోట్ల స్వచ్ఛంద సేవకులు ప్రక్కన కూర్చుండి ధైర్యము చెప్పుదురు.

తుదకు కారొనరు నిర్ణయము చదువును: ప్రమాదము, సహజ మరణము, ఆత్మహత్య మున్నగు చిన్నమాట గాని, జరిగినది వివరించు కొన్ని వాక్యములు గాని. సాక్ష్యము చాలనపుడు తేలలేదనియే వ్రాయుదురు. ఆత్మహత్య అను మాటకు మనవారు జంకుదురు. అచ్చట 1961 నుండి అది నేరము కాదు. దానిని నిర్ణయించుటకు సందేహాతీతమైన రుజువు అక్కరలేదనియు, అదియే ఎక్కువ సంభావ్యమని తోచిన చాలుననియు 2020లో అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ప్రమాదమని నమ్మదగిన సంగతి ఏదైన మీకు తెలిసియున్నచో, నిర్ణయము తరువాత కాదు, సాక్ష్యము నడచునపుడే చెప్పవలెను. నిర్ణయముపై సాధారణమైన అప్పీలు లేదు. హైకోర్టు పునర్విచారణ కోరువారు జాగు చేయక, మూడు మాసములు దాటకుండ పోవలెను.

ఇట్టి మరణము మరల కలుగు ప్రమాదమున్నదని కారొనరుకు తోచినచో, దానిని నివారింపగల సంస్థకు నివేదిక పంపవలెను. వారు 56 దినములలో బదులీయవలెను. కుటుంబము అడిగిన మంచి ప్రశ్న ఒకటి ఆ నివేదికకు దారి తీయవచ్చును. విచారణ ముగిసిన పిదప కారొనరు వివరములను రిజిస్ట్రారుకు పంపును. ఆయన వద్దనే అసలు మరణపత్రములు దొరకును. ఇచ్చటి భీమా, వారసత్వ వ్యవహారములకు పలుచోట్ల అసలుపత్రమే యడుగుదురు గనుక, మూడు నాలుగు ప్రతులు ఒకేసారి తీసికొనుడు.